అమెరికా, దుబాయ్, సింగపూర్, జపాన్: ఏ దేశానికి మందుల సంచి ఎలా సర్దుకోవాలి

పిల్లల దగ్గరికి ఆరు నెలలు అమెరికా వెళ్ళే తల్లిదండ్రులకీ, వారం రోజుల ప్యాకేజీ మీద సింగపూర్ వెళ్ళే కుటుంబానికీ మందుల సంచి ఒకేలా ఉండకూడదు. బీపీ, షుగర్, థైరాయిడ్ మాత్రలు రోజూ వేసుకునేవాళ్ళు ముందు రెండు విషయాలు తేల్చుకోవాలి: వెళ్ళేచోట ఏ మందు చేతికి అందదు, ఏ మందు వెంట ఉంటే చిక్కు. జ్వరం మాత్రలు, బ్యాండేజీలు దాదాపు ఎక్కడైనా దొరుకుతాయి. వాటితో సంచి నింపేసి, అసలు మందుకి కాగితం లేకుండా బయల్దేరడమే ఎక్కువగా జరిగే పొరపాటు.

ఈ నాలుగు దేశాల్లో సంచి సర్దడానికి ఎక్కువ ఆలోచన పట్టేది అమెరికాకే. మన డాక్టరు రాసిన చీటీ చూపిస్తే అక్కడి ఫార్మసీలు సాధారణంగా మందు ఇవ్వవు. అక్కడ లైసెన్సు ఉన్న డాక్టరు రాయాల్సిందే. సందర్శకుల వీసా మీద మామూలుగా ఆరు నెలలు ఉండనిస్తారు గానీ, సొంత వాడకానికి తెచ్చుకునే మందులకు అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ చెప్పే లెక్క సుమారు 90 రోజులు. అంతకు మించి ఉండేవాళ్ళు మిగతా మందులు కొరియర్‌లో తెప్పించుకోవచ్చు. ఆ పార్శిల్‌లో పాస్‌పోర్టు, వీసా నకళ్ళు, డాక్టరు ఉత్తరం, ఇంగ్లీషులో మందుల చీటీ పెట్టాలి. ఇవి లేకపోతే పార్శిల్ కస్టమ్స్ దగ్గర ఆగిపోయే ప్రమాదం ఉంది. అందుకే బయల్దేరే ముందే ఇంకో జత నకళ్ళు ఇక్కడ బంధువుల దగ్గర ఉంచాలి.

లెక్క కాగితం మీద వేసుకోండి. రోజుకి రెండు మెట్‌ఫార్మిన్ అంటే 90 రోజులకి 180 మాత్రలు. పది మాత్రల స్ట్రిప్పులైతే 18, పదిహేనువైతే 12. కొనేటప్పుడు మెడికల్ షాపులో స్ట్రిప్పులు కత్తిరించి ఇవ్వనివ్వకండి. సగం ముక్కలో మందు పేరు ఉంటే గడువు తేదీ ఉండదు, తేదీ ఉంటే పేరు ఉండదు. మాత్రలన్నీ విడదీసి వారం డబ్బాలో పోసుకోవడం ఇల్లు చేరాక చేయాల్సిన పని. కస్టమ్స్ అధికారి ముందు ఆ డబ్బాలో ఉన్నవి పేరు లేని మాత్రలే.

డాక్టరు ఉత్తరం లెటర్‌హెడ్ మీద ఉండాలి. దాంట్లో రిజిస్ట్రేషన్ నంబరు, సంతకం, జబ్బు పేరు, మోతాదు, రోజుకి ఎన్నిసార్లు అన్నది ఉండాలి. 'టెల్మా' అని కాకుండా టెల్మిసార్టన్ అని, 'ఎకోస్ప్రిన్' బదులు ఆస్పిరిన్ అని అసలు మందు పేరు రాయించండి. మన బ్రాండు పేర్లు అక్కడి వాళ్ళకి తెలియవు. తెలుగువాళ్ళకి ఇంకో చిక్కు కూడా ఉంది: పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆసుపత్రి చీటీలో మాత్రం ఒక్క అక్షరం, లేదా అసలు ఉండదు. చీటీ, మందుల బిల్లు, ఉత్తరం మూడూ పాస్‌పోర్టులో ఉన్న పేరుతోనే తీసుకోండి.

కొన్ని మందులు ఇక్కడే వదిలేయాలి. గ్యాస్‌కి మన ఇళ్ళలో అలవాటుగా వేసుకునే పాన్-డిలో డోంపెరిడోన్ ఉంటుంది. దానికి అమెరికాలో అనుమతి లేదు. డాక్టరుని అడిగి విడి పాంటాప్రజోల్‌కి మారండి. అది అయిపోయినా, అలాంటిదే అయిన ఒమెప్రజోల్ అక్కడ చీటీ లేకుండానే దొరుకుతుంది. నొప్పికి, జ్వరానికి వాడే నిమెసులైడ్‌కీ అక్కడ అనుమతి లేదు. భస్మాలు, రసాలు కలిసిన ఆయుర్వేద మందుల్లో సీసం, పాదరసం ఉంటాయన్న కారణంతో ఆపేస్తారు. పొట్లాల్లో కట్టిన చూర్ణాలు వద్దేవద్దు.

దుబాయ్ విషయంలో జాగ్రత్త వేరు. అక్కడ ఫార్మసీలు విరివిగా ఉంటాయి, మామూలు మందులకి ఇబ్బంది లేదు. కానీ నియంత్రిత మందుల జాబితా మనం ఊహించనంత పెద్దది. కాళ్ళ మంటలకి షుగర్ రోగులు వేసుకునే ప్రీగాబలిన్, నొప్పులకి రాసే ట్రామడాల్, నిద్రకోసం వాడే ఆల్ప్రజోలం, కోడీన్ ఉన్న దగ్గు సిరప్ అన్నీ అందులోవే. వీటికి ప్రయాణానికి ముందే ఆన్‌లైన్‌లో ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి. అమెరికాలో కూడా ప్రీగాబలిన్ నియంత్రిత మందే. హైదరాబాద్ నుంచి అమెరికా వెళ్ళే చాలామంది దుబాయ్‌లోనో అబుదాబిలోనో విమానం మారతారు. విమానం తప్పి రాత్రికి హోటల్‌కి పంపిస్తే మీరు ఆ దేశంలో అడుగుపెట్టినట్టే, అక్కడి నియమాలు మీకూ వర్తిస్తాయి. గసగసాలు కూడా ఆ దేశంలో (యూఏఈ) నిషిద్ధం. మసాలా పొడుల్లో కలిసి వెళ్ళకుండా చూసుకోండి.

సింగపూర్‌కి మూడు నెలల లోపు మామూలు మందులైతే చీటీ చాలు. నిద్రమాత్రలు, కోడీన్ ఉన్నవి అయితే ముందస్తు అనుమతి కావాలి. మాల్స్‌లో గార్డియన్, వాట్సన్స్ మందుల దుకాణాలు కనిపిస్తూనే ఉంటాయి. పారాసిటమాల్‌ని అక్కడ పనడోల్ అంటారు.

జపాన్ వీటన్నిటికంటే కఠినం. డాక్టరు రాసే మందులు ఒక నెలకి సరిపడానే నేరుగా తీసుకెళ్ళొచ్చు. అంతకు మించితే 'యున్యూ కకునిన్‌షో' అనే ధ్రువపత్రం ముందుగా తెప్పించుకోవాలి. ముక్కు దిబ్బడ తగ్గించే సూడోఎఫెడ్రిన్ 10 శాతం దాటిన జలుబు మాత్రలు నిషేధం. ఏడీహెచ్‌డీకి (ఏకాగ్రత కుదరని సమస్యకి) వాడే యాంఫెటమిన్ మందులు డాక్టరు ఉత్తరం ఉన్నా కుదరవు.

ఇన్సులిన్ వాడేవాళ్ళకి దేశం కంటే బస ముఖ్యం. తెరవని పెన్నులు, వయల్స్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఒక్కసారి గడ్డకడితే, కరిగాక చూడటానికి బాగున్నా పనిచేయదు, పారేయాల్సిందే. చెక్-ఇన్ సామానులో గడ్డకట్టే ప్రమాదం ఉంది, అందుకే దాంట్లో పెట్టకూడదు. ఐస్ జెల్ ప్యాక్‌కి ఇన్సులిన్ నేరుగా తగలకుండా మధ్యలో తువ్వాలు చుట్టాలి. విమానంలో సిబ్బందికి ఇచ్చి ఫ్రిజ్‌లో పెట్టమనడం కంటే మీ దగ్గరే ఉంచుకోవడం మేలు. హోటల్ గదుల్లో మినీ ఫ్రిజ్‌లు నమ్మదగినవి కావు. కొన్ని 12 డిగ్రీల కంటే చల్లబడవు, కొన్నిట్లో ఫ్రీజర్ పక్కన పెట్టినవి గడ్డకడతాయి. కీకార్డు తీసి బయటికి వెళ్తే కరెంటు పోయి ఫ్రిజ్ ఆగే గదులూ ఉన్నాయి. దిగగానే రిసెప్షన్‌లో అడిగి తేల్చుకోండి. చిన్న థర్మామీటరు ఒకటి ఫ్రిజ్‌లో రాత్రంతా ఉంచితే సంగతి తెలిసిపోతుంది. ఎక్కువ రోజుల బసకి వంటగది ఉన్న అపార్ట్‌మెంటే నయం, పెద్ద ఫ్రిజ్ ఉంటుంది. వాడకంలో ఉన్న పెన్ను మామూలు చల్లని గదిలో సుమారు 28 రోజులు ఉంటుంది, కచ్చితమైన గడువు పెట్టె మీద చూడండి. గ్లూకోమీటరు స్ట్రిప్పులు ఇక్కడి నుంచే లెక్కగా తీసుకెళ్ళాలి. అదే కంపెనీవి అక్కడ దొరికినా మీ మీటరుకి సరిపోకపోవచ్చు. టైమ్ మారేటప్పుడు డోసు ఎలా వేసుకోవాలో డాక్టరుతో కాగితం మీద రాయించుకోండి.

ప్రథమ చికిత్సకి పెద్ద పెట్టె అక్కర్లేదు. పది బ్యాండ్-ఎయిడ్‌లు, గాయం మీద వేసే నాలుగు స్టెరైల్ గాజ్ గుడ్డ ముక్కలు, ఒక క్రేప్ బ్యాండేజీ, మైక్రోపోర్ టేపు, బెటాడిన్ ఆయింట్‌మెంట్ చిన్న ట్యూబు, డిజిటల్ థర్మామీటరు, పారాసిటమాల్, సెట్రిజిన్, ఆరేడు ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు చాలు. కత్తెర చెక్-ఇన్‌లో వేయండి.

ఓఆర్‌ఎస్‌లో తప్పు జరిగేది నీళ్ళ దగ్గరే. పెద్ద ప్యాకెట్టు, అంటే 21 గ్రాములది, లీటరు నీటికి. చిన్నది, 4 గ్రాముల పైచిలుకుది, 200 మిల్లీలీటర్లకి. పెద్ద ప్యాకెట్టు ఒక్క గ్లాసులో కలిపితే ఉప్పు ఎక్కువై దాహం, విరేచనం ఇంకా పెరుగుతాయి. కలిపింది 24 గంటలు దాటితే పారబోయండి. విరేచనాలు ఆపే లోపెరమైడ్‌ని జ్వరం ఉన్నా, రక్తం పడుతున్నా వేయకూడదు.

అమెరికాలో పారాసిటమాల్ పేరు ఎసిటమినోఫెన్. ఈ సంగతి తెలియక డోలో 650 వేసుకుంటూ, జలుబుకని నైక్విల్ కూడా తాగేవాళ్ళున్నారు. రెండింట్లో ఉన్నది ఒకే మందు. రోజుకి 4 గ్రాములు దాటితే కాలేయానికి ముప్పు. బీపీ మందులు వేసుకునేవాళ్ళు ముక్కు దిబ్బడ మాత్రలు, ఐబుప్రోఫెన్ తామంతట తాము కొనుక్కోకూడదు. ఒకటి బీపీ పెంచుతుంది, రెండోది మూత్రపిండాల మీద పడుతుంది.

మందు అయిపోయినా, చిన్న జ్వరం వచ్చినా అమెరికాలో నేరుగా ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్ళకండి, బిల్లు తట్టుకోలేరు. అర్జెంట్ కేర్ క్లినిక్‌లో డాక్టరు అక్కడి చీటీ రాస్తారు. మెట్‌ఫార్మిన్ లాంటి జెనరిక్ మందు వాల్‌మార్ట్ ఫార్మసీలో నెలకి కొద్ది డాలర్లకే వస్తుంది. ఛాతీ నొప్పి, మాట తడబడటం, ఊపిరాడకపోవడం అయితే మాత్రం వెంటనే 911. ప్రయాణ బీమా తీసుకునేటప్పుడు పాత జబ్బులు హఠాత్తుగా ముదిరితే ఎంతవరకు ఇస్తారో ఆ ఒక్క పేరా చదివి సంతకం పెట్టండి.

వాడేసిన సూదులు హోటల్ చెత్తబుట్టలో వేయకూడదు, గది ఊడ్చేవాళ్ళ చేతికి గుచ్చుకుంటాయి. రిసెప్షన్‌లో షార్ప్స్ డబ్బా అడగండి. ఇంట్లో ఉంటే బట్టల సబ్బు ద్రవం వచ్చే మందపాటి ప్లాస్టిక్ సీసాలో వేసి మూత బిగించి, ఆ ఊరి నియమం ప్రకారం ఇచ్చేయాలి.