బతిమాలడమా, వేడుకోవడమా, మనవి చేయడమా: అర్జీలో ఏ మాట మేలు?

పొలం సర్వే నంబరు తప్పు పడింది, సరిచేయమని అర్జీ రాస్తున్నారు. చివర్లో ఏ మాట పెట్టాలి? సోమవారం కడప కలెక్టరేట్‌కు జనం తెచ్చే కాగితాల్లో 'ప్రాధేయపడుతున్నాను', 'వేడుకుంటున్నాను' రెండూ కనిపిస్తాయి. నాకైతే 'మనవి' మేలనిపిస్తుంది.

వీటిలో చనువైన మాట బతిమాలడం. బతిమలాడటం అని కూడా అంటాం, నిఘంటువుల్లో 'బ్రతిమాలు' అని ఉంటుంది. అన్నం తిననని మొండికేసిన పిల్లను బతిమాలతాం. అలకపాన్పు ఎక్కిన అల్లుణ్ణి మామ బతిమాలతాడు. ఎదుటివాళ్లు కాస్త బెట్టు చేస్తున్నారని, చివరికి మెత్తబడతారని ఇందులో నమ్మకం ఉంది. అందుకే ఇంట్లో పెద్దవాళ్లు 'ఎంతసేపని బతిమాలించుకుంటావురా!' అని కసురుతారు. వేడుకోవడాన్ని, ప్రాధేయపడటాన్ని అలా తిప్పి అనలేం. గడువు కోసం అప్పిచ్చినవాణ్ణి బతిమాలినా, రోజూ ముఖాలు చూసుకునే ఊరివాడు కాబట్టే ఆ మాట అతుకుతుంది.

వేడుకోవడం దేవుడి ముందు. దేవుని కడప వెంకన్న దగ్గరైనా, పెద్దదర్గాలోనైనా వేడుకుంటాం. అక్కడ ఇస్తే దయ, ఇవ్వకపోతే అడిగే హక్కు మనకు లేదు.

ప్రాధేయపడటం మాటల్లో కంటే పేపర్లలో ఎక్కువ. దారులన్నీ మూసుకుపోయినవాడికి అది నప్పుతుంది. బిడ్డ ఆపరేషన్‌కు సాయం అడిగే తండ్రి ప్రాధేయపడ్డాడంటే మనసు కలుక్కుమంటుంది.

రికార్డు సరిచేయడం మాత్రం ఎవరి దయా కాదు, ఆఫీసు చేయాల్సిన పని. దానికి ప్రాధేయపడితే, రావాల్సినదాన్ని మనమే దానంగా అడిగినట్టవుతుంది. ముసలివాళ్ల పింఛను కాగితాల్లో ఆ మాట చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. 'మనవి'లో మర్యాద ఉంది, తల వంచడం లేదు. అనంతపురం సరిహద్దు దాటితే కన్నడంలోనూ ఇదే మాట. 'విన్నపం' కూడా మంచిదే. విజ్ఞాపనం నుంచి వచ్చింది, అంటే తెలియజేయడం. తాళ్లపాక అన్నమయ్య 'విన్నపాలు వినవలె' అని స్వామిని మేలుకొలిపింది ఆ మాటతోనే. దేవుడికీ, తహసీల్దారుకూ సరిపోయే మాట అది.

'నా సర్వే నంబరు తప్పుగా నమోదైంది, సరిచేయాలని మనవి' అని రాస్తే చాలు. తేదీ, ఫోన్ నంబరు వేసి, రసీదు అడిగి తీసుకోండి. కౌంటర్ దగ్గర అన్నా, అమ్మా అని నోటితో బతిమాలాల్సి వస్తే బతిమాలండి, కాగితం మీద మాత్రం వద్దు.