ది బాయ్ బ్యాండ్ కాన్ - మోసగాడి కథ ఓకే, మరి సీడీలు కొన్న పిల్లలేరి?

బ్యాక్‌స్ట్రీట్ బాయ్స్, ఎన్‌సింక్ అనే రెండు బాయ్ బ్యాండ్లనీ (అంటే కుర్రాళ్ల పాప్ పాటల గ్రూపులు) అమెరికాలోని ఓర్లాండోలో కూర్చుని తయారుచేసిన లూ పెర్ల్‌మన్ మీద 2019లో వచ్చిన డాక్యుమెంటరీ ఇది. ప్రొడ్యూసర్ ఎవరో కాదు, ఆయన దగ్గర మోసపోయిన ఎన్‌సింక్ మెంబర్ లాన్స్ బాసే, అందుకే మాటల్లో కసి తెలుస్తుంది.

డబ్బు గురించిన భాగం మాత్రం కదలనివ్వదు. అన్ని రికార్డులు అమ్ముడయ్యాక పెర్ల్‌మన్ ఎన్‌సింక్ కుర్రాళ్లని డిన్నర్‌కి పిలిచి కవర్లు చేతిలో పెడితే, లోపల మనిషికి 10 వేల డాలర్ల చెక్కు అంట, లాన్స్ బాస్ అది చింపేశాడు! బ్యాక్‌స్ట్రీట్ బాయ్స్ కాంట్రాక్టులో అయితే పెర్ల్‌మన్ తనే ఆరో మెంబర్‌నని రాసుకున్నాడు, అంటే మేనేజర్ వాటా, ప్రొడ్యూసర్ వాటా, మెంబర్ వాటా అన్నీ ఆయనకే. ఇంకోపక్క కాగితాల మీద తప్ప ఎక్కడా లేని విమానాల కంపెనీ చూపించి రిటైరైన ముసలివాళ్ల దగ్గర డబ్బు లాగాడు, అచ్చం మన చిట్టీల వాళ్లు బోర్డు తిప్పేసినట్టే, కాకపోతే ఇక్కడ లెక్క 30 కోట్ల డాలర్లు దాటింది. 2007లో బాలిలో దొరికాడు, 2008లో 25 ఏళ్ల శిక్ష, 2016లో ఆ శిక్షలో ఉండగానే పోయాడు.

నాకు నచ్చనిది ఏంటంటే, ఈ గ్రూపులు ఎందుకు లేచాయి ఎందుకు పడిపోయాయి అన్నది పైపైనే వదిలేశారు. 2000 మార్చిలో ఎన్‌సింక్ ఆల్బమ్ అమెరికాలో మొదటి వారమే 24 లక్షలు అమ్ముడైంది, 2002కల్లా బ్రేక్ అని ఎవరి దారి వాళ్లు చూస్కున్నారు. పెర్ల్‌మన్‌తో వాళ్ల కోర్టు గొడవ అప్పటికే తేలిపోయింది, కాబట్టి పడిపోవడానికి ఆయనొక్కడే కారణం అంటే కుదరదు. పది పన్నెండేళ్ల ఆడపిల్లలు స్కూల్ నుంచి రాగానే ఎంటీవీ మ్యూజిక్ ఛానల్లో ఫ్యాన్స్ ఓట్లతో పాటలకి ర్యాంకులిచ్చే కౌంట్‌డౌన్ షో చూసి, అమ్మానాన్నల్ని పీడించి సీడీలు, పోస్టర్లు, బొమ్మలు కొనిపించుకున్నారు, వాళ్లకి పదిహేనేళ్లు వచ్చేసరికి ఈ పాటలు వింటామని చెప్పుకోడానికే సిగ్గు, పైగా అప్పటికి ఇంటర్నెట్‌లో నాప్‌స్టర్ లాంటివొచ్చి పాటలు ఫ్రీగా దొరికేస్తున్నాయి. అసలు డబ్బు పెట్టింది ఆ పిల్లలు కదా, వాళ్లని కూర్చోబెట్టి మాట్లాడించడానికి ఇంకాస్త టైం ఇవ్వాల్సింది.

పెర్ల్‌మన్ ఇంకో బ్యాండ్ ఓ-టౌన్ ముచ్చట కూడా అంతే, పైపైనే వదిలేశారు, టీవీ షోలో జనం ముందే బ్యాండ్ తయారుచేశారు, దాని మీదే ఒక సినిమా తీయొచ్చు.

నా రేటింగ్ 5కి 3. మోసాల కథలు ఇష్టమైతే కచ్చితంగా చూడండి, పాటల కోసమైతే పాత వీడియోలే పెట్టుకోండి.