పంపు అనలైజరుతో ఆరేళ్లు

మా ఆసుపత్రి బయోమెడికల్ విభాగం ఇన్ఫ్యూజన్ పంపుల (పేషెంటు నరంలోకి మందును కొలిచి ఎక్కించే యంత్రాల) కాలిబ్రేషన్ కోసం, అంటే అవి సరిగ్గా కొలుస్తున్నాయో లేదో చూడటానికి, నాలుగు చానళ్ల అనలైజరు కొని ఆరేళ్లయింది. అంతకుముందు మాకున్నవి ఎలక్ట్రానిక్ తూకం, బీకరు, స్టాప్‌వాచ్. పంపు గంటసేపు నడిపి, పడ్డ నీటిని తూచి, గ్రాముకి దాదాపు ఒక మి.లీ. లెక్క కట్టేవాళ్లం. ఆ పద్ధతిలో తప్పేమీ లేదు. కాకపోతే గంటకి 1 మి.లీ. వేగం పెడితే, ఆవిరైపోయే నీరే లెక్క తప్పించేది. నీటిమీద సన్నగా నూనె పోసి, ఫ్యాను ఆపుకుని, చెమటలు కక్కుతూ కూర్చునేవాళ్లం.

ఇప్పుడు నాలుగు పంపులూ ఒకేసారి తగిలించి వేరే పని చూసుకుంటున్నాం. పైగా ఇది సగటు వేగంతో ఆగదు. వేగం ఎలా ఊగుతోందో గీసి చూపిస్తుంది. ఈ పంపుల అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 60601-2-24లోని ట్రంపెట్ కర్వ్ అదే: తక్కువ నిమిషాలు చూస్తే తేడా వెడల్పుగా, ఎక్కువసేపు చూస్తే సన్నగా, సన్నాయిలా కనిపిస్తుంది. బీపీ నిలబెట్టే నార్అడ్రినలిన్ మందు రక్తంలో నిమిషాల్లోనే తగ్గిపోతుంది. గంట సగటు సరిగ్గా ఉన్నా, మందు ఆగి ఆగి వెళ్తే పేషెంటు బీపీ ఊగుతుంది.

చిరాకు పెట్టేది బుడగ. చిన్న గాలిబుడగ దూరినా ఆ రీడింగు పనికిరాదు. మొదటి ఏడాది ఎన్ని పరీక్షలు మళ్లీ చేశామో! డిస్టిల్డ్ వాటర్ కాచి చల్లార్చి వాడటం మొదలుపెట్టాక ఆ టెన్షన్ తగ్గింది. పని అయ్యాక లోపలి నీళ్లు తీసేయడం మర్చిపోతే మాత్రం అంతే సంగతులు. మేం ఒకసారి మర్చిపోయాం. ఒక చానల్ మూలపడింది, సర్వీసుకి పంపితే రెండు నెలలు పట్టింది. అనలైజరుకి కూడా ఏటా కాలిబ్రేషన్ చేయించాలి, ఆ ఖర్చు కొనేటప్పుడు ఎవరూ చెప్పరు.

ఒకసారి ఐసీయూలో ఓ పంపు మందు తక్కువ ఇస్తోందని ఫిర్యాదు వచ్చింది. మా టేబుల్ మీద పెడితే తేడా 2 శాతం లోపే. మళ్లీ పంపాం, మళ్లీ తిరిగొచ్చింది. చివరికి వార్డులో వాడుతున్న సెట్టుతోనే (పంపుకి తగిలించే ట్యూబు) పరీక్షిస్తే 8 శాతం తక్కువ! "స్టోర్స్‌లో పాతవి అయిపోయాయి సర్, ఇవే ఇచ్చారు" అంది సిస్టర్. ఈ రకం పంపు ట్యూబును నొక్కుతూ మందును తోస్తుంది. ట్యూబు లోపలి కొలత మారితే ప్రతి నొక్కుకీ వెళ్లే పరిమాణమూ మారుతుంది. మేం మా దగ్గరున్న పాత సెట్టుతో పరీక్షించి, పాస్ స్టిక్కరు అంటించి పంపుతూ వచ్చాం.

సిరంజి పంపుదీ అదే కథ. మెనూలో కంపెనీ పేరు తప్పు నొక్కితే, సిరంజి లోపలి వ్యాసం 28 మి.మీ. అనుకున్న చోట 29 ఉంటే, మందు దాదాపు 7 శాతం ఎక్కువ వెళ్తుంది. పంపు తనవరకు సరిగ్గానే నడుస్తుంది, అలారం కూడా రాదు. అందుకే ఇప్పుడు మా షీటులో సెట్టు పేరు, సిరంజి పేరు రాయకపోతే నేను సంతకం పెట్టను.

ఆక్లూజన్ పరీక్ష (పైపు మూసుకుపోతే పంపు అలారం మోగిస్తుందా అని చూసేది) మాత్రం అనలైజరుతోనూ త్వరగా తెమలదు. గంటకి 1 మి.లీ. వేగంలో పైపు మూస్తే, అది కాస్త సాగి అర మి.లీ. పట్టినా అలారం మోగడానికి అరగంట. ఆ అరగంటలో ఐసీయూ నుంచి రెండు ఫోన్లు: "సర్, మా పంపు ఎప్పుడిస్తారు?"