హేవ్‌లాక్‌లో 'బీచ్ ఫ్రంట్' రూమ్ అని డబ్బులు కట్టేవాళ్లు జాగ్రత్త

అండమాన్ నుంచి నిన్ననే వచ్చాం, కోపం ఇంకా తగ్గలేదు. వైజాగ్ నుంచి మనవాళ్లకి ప్యాకేజీలు అమ్మే ఆ ఏజెంట్ ఎవరో మీలో చాలామందికి తెలుసు. హేవ్‌లాక్‌లో, అదే స్వరాజ్ ద్వీప్‌లో, సముద్రం ఎదురుగా రూమ్ అన్నాడు. డబ్బంతా ముందే కట్టించుకున్నాడు.

ఫెర్రీ దిగి వెళ్తే ఆ రూమ్ వేరేవాళ్లకి ఇచ్చేశారట! వెనక కొత్తగా కడుతున్న బ్లాకులో, పెయింట్ వాసన కూడా పోని గదిలోకి తోశారు. కిటికీ తీస్తే జనరేటర్. సాయంత్రం రాధానగర్ బీచ్ నుంచి ఒళ్లంతా ఉప్పూ ఇసుకతో వచ్చాం. కుళాయి తిప్పితే చుక్క నీళ్లు లేవు. అమ్మకి ఒళ్లంతా దురద, తాగడానికి కొన్న బాటిల్ నీళ్లతోనే మొహం, మెడ కడుక్కుంది. ఏజెంట్‌కి ఫోన్ చేసి ఇదంతా చెప్తే వాడన్న మాట: "దీవి అంటే ఇంతే సార్. స్నానం అంత ముఖ్యమైతే ఇంట్లోనే ఉండాల్సింది." పక్కనున్న అమ్మకి వినబడేలా అన్నాడు, ఫోన్ పెట్టేశాడు. మళ్లీ ఎత్తలేదు. డబ్బు పోయినదానికంటే ఆ మాటే మండిస్తోంది.

తప్పు దీవిది కాదు. ఏటా 3,000 మిల్లీమీటర్ల దాకా వాన పడే చోటది. కానీ చిన్న దీవి, పెద్ద నది లేదు, పడ్డ వాన పడ్డట్టే సముద్రంలోకి పోతుంది. జనవరి నుంచి ఏప్రిల్ దాకా కటకటే. సరిగ్గా అప్పుడే మనం వెళ్తాం. పైగా 2019 తీర నిబంధనలతో హేవ్‌లాక్‌లో సముద్రం పోటు వచ్చే హద్దు నుంచి ఏమీ కట్టకుండా వదలాల్సిన జాగా 20 మీటర్లకి తగ్గింది. గదులు పెంచుకుంటూ పోతున్నారు, నీళ్లు ఎక్కడ్నుంచి వస్తాయి? దేశ విభజన తర్వాత తూర్పు బెంగాల్ నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలవి ఆ ఊళ్లు. టీకొట్టు ఆవిడ తన బావి చూపించింది, అడుగున బురద కనిపిస్తోంది. రిసార్టు ట్యాంకర్లు రోజూ తిరుగుతూనే ఉన్నాయంది. నీళ్లు ఎన్ని గదులకి సరిపోతాయో తేల్చాకే కొత్త గదికి అనుమతివ్వాలి. అంతవరకూ ఇలాంటి ఏజెంట్లు లేని గదులు అమ్ముతూనే ఉంటారు.

వెళ్లేవాళ్లు డబ్బు మొత్తం ముందే ఇవ్వకండి. రిసార్టుకే ఫోన్ చేసి మీ పేరుతో ఏ గది ఉందో, నీళ్లు ఏ వేళల్లో వస్తాయో అడిగి మెసేజ్‌లో రాయించుకోండి. తిరుగు విమానం రోజే ఫెర్రీ పెట్టుకోవద్దు. 2016 డిసెంబర్‌లో వాతావరణం చెడి హేవ్‌లాక్, నీల్ దీవుల్లో వెయ్యిమందికి పైగా టూరిస్టులు చిక్కుకుపోతే నౌకాదళం వెళ్లి తీసుకురావాల్సి వచ్చింది.