ముప్పై నాట్ల కోసం రామేశ్వరం

రామేశ్వరం వెళ్లొచ్చానంటే అందరూ ప్రసాదం అడుగుతున్నారు. నేను తెచ్చుకున్నది రెండు అరచేతుల నిండా బొబ్బలు, డిపాజిట్లో కోత పడ్డ 3,500 రూపాయల మంట. ఆ మంట చల్లారకముందే రాసేద్దామని కూర్చున్నా.

విండ్‌సర్ఫింగ్ తెలియనివాళ్లకు రెండు ముక్కలు. బోర్డు మీద నిలబడి, దానికి బిగించిన తెరచాపను చేతుల్తో పట్టుకుని గాలివాటున పోవడమే. పోటీలూ గీటీలూ నాకు లేవు. చేతికి జీపీఎస్ వాచీ కట్టుకుని ఎంత వేగం అందుకున్నానో చూసుకోవడం నా పిచ్చి. ఈ వేగాన్ని నాట్లలో చెబుతారు. ఒక నాట్ అంటే గంటకు 1.852 కిలోమీటర్లు. రెండు సెకన్లపాటు నిలిచిన వేగంలో నా రికార్డు గోవాలో కొట్టిన 26.3. ఈ పుట్టినరోజుకు 47 నిండుతాయి, ఆలోగా 30 దాటాలని పంతం. అంటే గంటకు యాభై ఐదున్నర కిలోమీటర్లు. స్కూటీ మీద అదో వేగమా అనుకోవచ్చు, నీళ్ల మీద మోకాళ్లు వణుకుతాయి. ఆంట్వాన్ ఆల్బో అనే ఫ్రెంచాయన 2015లో నమీబియాలోని లూడెరిట్జ్‌లో, ఇందుకోసమే తవ్విన కాలవలో, 500 మీటర్ల సగటున 53.27 నాట్లు కొట్టాడు. నేను అడుగుతున్నది అందులో సగం పైచిలుకే.

మా అత్తయ్యకు మాత్రం నాట్లంటే వరి నాట్లే. "ఈ ఏడాదైనా పడతాయా అల్లుడూ?" అని రెండేళ్లుగా అడుగుతోంది.

రామేశ్వరం ఎందుకంటే, మే చివర్లో నైరుతి గాలి అక్కడ గట్టిగా అందుకుంటుంది. దక్షిణాన మన్నార్ సింధుశాఖ వైపు అలలు లేస్తాయి. ఉత్తరాన పాక్ అఖాతం వైపు గాలి నేల మీదుగా వచ్చి నీళ్లమీద పడుతుంది కాబట్టి ఒడ్డు పక్కన నీళ్లు పళ్లెంలో పోసినట్టుంటాయి. బలమైన గాలి, కదలని నీళ్లు, వేగానికి ఈ రెండూ చాలు. పైగా అత్తయ్యకు ఇరవై రెండు తీర్థాల స్నానం మొక్కుంది. స్వామికార్యం, స్వకార్యం.

హైదరాబాద్ నుంచి మదురైకి నలుగురికి రానూపోనూ విమానం 31,480. అక్కడి నుంచి కారు 5,500. దారంతా హాయిగా గడిచింది. పాంబన్ వంతెన మీద అందరిలాగే మేమూ ఫొటోలు దిగాం. మర్నాడు తెల్లారేసరికి అత్తయ్య, మా ఆవిడ తీర్థాలన్నీ ముగించుకుని, తడిచీరలతో, నేనెప్పుడూ చూడనంత ప్రసన్నంగా బయటికొచ్చారు. రామేశ్వరంలో ప్రశాంతంగా గడిచిన భాగం అదొక్కటే.

బస నా స్వార్థం కొద్దీ బీచ్ పక్కన తీసుకున్నా. గది 3,400, రెండు గదులు. గుడికి ఆటో ఒకవైపే 450. పెద్దవాళ్లు వెంట ఉంటే ఊళ్లోనే దిగండి. రెండో రోజుకే మా ఆవిడ ఆటో లెక్క నోట్లో రాయడం మొదలుపెట్టింది, నాతో మాట్లాడటం తగ్గించింది.

ఇక అసలు సంగతి. సామాన్లు అద్దెకిచ్చేవాళ్లను మూడు వారాల ముందు నుంచే వాట్సాప్‌లో అడుగుతున్నా. వేగం కోసమే చేసే స్లాలమ్ బోర్డు ఉందా? ఉంది సార్. ఆకారం చెదరకుండా లోపల క్యాంబర్లున్న, 7.0 చదరపు మీటర్ల సెయిల్, అదే తెరచాప? ఉంది సార్. బోర్డు అడుగున బిగించే రెక్క, ఫిన్, నాది నేను తెచ్చుకుంటా, రెండు బోల్టుల తటిల్ బేసు, మీ బోర్డుకు పడుతుందా? అన్ని రకాలూ పడతాయి సార్.

వెళ్లి చూస్తే 133 లీటర్ల ఫ్రీరైడ్ బోర్డు. నేర్చుకునేవాళ్లకు బంగారం, వేగానికి గుదిబండ. దాన్ని తిరగేసి చూస్తే ఫిన్ దూర్చే చోట పవర్ బాక్స్! ఒక్క బోల్టుతో బిగించే రకం. రెండు బోల్టుల నా 36 సెంటీమీటర్ల ఫిన్ అందులోకి చస్తే దూరదు. అన్ని రకాలూ పడతాయన్నారుగా అంటే, "అవును సార్, పవర్ బాక్స్‌లో అన్ని సైజులూ ఉన్నాయి" అన్నాడు. కోపం రావాల్సిన చోట నవ్వొచ్చింది. బోర్డు అడుగున ఉండే ఆ చిన్న రెక్కే మొత్తం వేగాన్ని మోస్తుంది. వాళ్లిచ్చింది 46 సెంటీమీటర్లది, అంచంతా నొక్కులు. అలాంటి ఫిన్‌తో వేగం పెరిగేకొద్దీ రెక్క వెంట గాలి చొరబడి తోక పక్కకు జారిపోతుంది. సెయిల్‌లో అవతలికి కనబడే పారదర్శక భాగానికి టేపు అతుకు. వీటన్నిటికీ రోజుకు 4,200, 'రెస్క్యూ బోటు' పేరిట ఇంకో 1,200. డిపాజిట్ 10,000.

రెండో రోజు మధ్యాహ్నం గాలి ఇరవై నాట్లు దాటింది. నాలుగో పరుగులో కాళ్ల దగ్గర టప్‌మని శబ్దం, నేను నీళ్లలో. తెరచాప కొయ్యను బోర్డుకు కలిపే రబ్బరు జాయింటు తెగింది. సేఫ్టీ పట్టీ ఉండబట్టి సెయిల్ పోలేదు. గాలేమో ఒడ్డు నుంచి లోపలికి, నేనేమో శ్రీలంక వైపు. బోర్డు వదలకూడదన్నది మొదటి పాఠం కాబట్టి దానిమీద బోర్లా పడుకుని చేతులూపా. రెస్క్యూ బోటు ఒడ్డున టార్పాలిన్ కింద కనబడుతూనే ఉంది. నలభై నిమిషాలు కదల్లేదు.

అక్కడ సముద్రంలో వెదురు తెప్పలు కట్టి నాచు పెంచుతారు. ఆ తెప్పలు చూసుకోవడానికి వచ్చిన చిన్న పడవ ఒకటి నన్ను లాక్కొచ్చింది. ఐదు వందలిస్తే మొహమాటం లేకుండా తీసుకుని, నాకర్థమైనంత తమిళంలో ఆయన చెప్పిందేమంటే, ఆ బోటు ఇంజిను పది రోజులుగా మదురైలో రిపేరుకుందట! ఒడ్డున మా వాడు, పద్నాలుగేళ్లవాడు, బిక్కమొహంతో నిలబడున్నాడు. వాణ్ణి చూశాక భయమేసింది నాకు, అంతవరకూ కోపమే.

కాబట్టి వెళ్లేవాళ్లు జాయింటు రబ్బరును వంచి చూడండి, చిన్న గీత కనబడినా మార్పించండి. ఫిన్ బిగించే పెట్టె ఫొటో పంపనివాడికి అడ్వాన్సు పంపకండి. సామాను ముట్టుకోకముందే వీడియో తీయండి. గాలి లోపలికి వీచే ఒడ్డున బోటును కాదు, బోటు ఇంజినును చూసి డబ్బు కట్టండి.

మూడో రోజు మా ఆవిడ వద్దంది. జాయింటు కొత్తది వేయించి, ఒడ్డుకు ఇరవై మీటర్లు దాటనని మాటిచ్చి దిగా. నాలుగింటికి గాలి అందుకుంది. గడ్డి పరకలు ఫిన్‌కు చుట్టుకుని పిలకలా వేలాడుతున్నాయి, ప్రతి పరుగుకూ దిగి పీకాల్సిందే. ఆరో పరుగులో నీళ్లు నల్లబడుతూ విసురు వెనక నుంచి వస్తుంటే బోర్డు ముక్కు గాలికి దూరంగా తిప్పేశా. ఒడ్డున ఉన్నవన్నీ ఒక్క గీతలా అయిపోయాయి. నీటి చప్పుడు ఆగి, సన్నగా ఈల మాత్రం వినబడింది. ఆ ఐదారు సెకన్లకు 4,200 ఇవ్వొచ్చు. తర్వాత తోక జారి నేను రెండు పల్టీలు కొట్టా.

లేచి వాచీ చూస్తే 41.7! గంతులేస్తూ ఒడ్డుకొచ్చా. మావాడు రాత్రి ఫైలును ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించి, "నాన్నా, ఇది నువ్వు పడ్డప్పుడు చెయ్యి విసిరిన వేగం" అని ఒక్క నొక్కుతో చెరిపేశాడు. మిగిలింది 28.94.

పొద్దున లెక్క తేల్చుకోవడానికి వెళ్తే, జాయింటుకూ సెయిల్ చిరుగుకూ కలిపి 3,500 పట్టుకున్నారు. టేపు అతుకు ముందునుంచీ ఉందంటే వినరు. వీడియో నా దగ్గర లేదు. అప్పటిదాకా తులసిమాల తిప్పుకుంటున్న అత్తయ్య లేచి, "ఇంజిను లేని పడవకు బాడుగేంటయ్యా, ఎద్దుల్లేని బండికి మీ ఊళ్లో బాడుగిస్తారా?" అంది. వాడికి తెలుగు రాదు, గొంతు మాత్రం అర్థమైనట్టుంది. బోటు పేరిట తీసుకున్న 3,600లో 1,200 వెనక్కిచ్చాడు.

మదురై దారిలో మా ఆవిడ మూడు రోజుల తర్వాత నవ్వింది, అదీ వాళ్లమ్మ మాటకు: "ముప్పైలో ఇరవై తొమ్మిది పడ్డట్టేగా అల్లుడూ, ఇంక మిగిలింది ఒక్క మడి."

ఆ మడికి తటిల్ పెట్టె ఉన్న సొంత బోర్డు కావాలి. ఒకటి చూసిపెట్టా. దాని ధర ఇంట్లో ఇంకా చెప్పలేదు.