70 గేట్లూ లెక్కకు రావాలి: పానోరమా హెడ్ తొమ్మిది నెలలు వాడాక

నేను తాడేపల్లి వైపు ఒక హైస్కూల్లో డ్రాయింగ్ టీచర్ని. మా వరండా గోడకి ప్రకాశం బ్యారేజీ బొమ్మ పెట్టాలని కిందటేడాది మే నెలలో, దిగువన ఇసుక తేలి ఉన్నప్పుడు, నది మధ్యదాకా నడిచి వెళ్లి ఫోనుతో పానోరమా, అంటే ముక్కలు ముక్కలుగా తీసి పక్కపక్కన అతికే వెడల్పు ఫోటో, తీశాను. చూడ్డానికి బ్రహ్మాండంగా వచ్చింది. ప్రింటు వేయించి గోడకి పెట్టాం. స్కూలు తెరిచిన రెండోరోజే ఏడో తరగతి పిల్ల ఒకతె నా దగ్గరికొచ్చి, "టీచర్, బ్యారేజీకి 70 గేట్లని సోషల్ సార్ చెప్పారు. మన బొమ్మలో 67 ఉన్నాయి" అంది.

వెళ్లి వేలు పెట్టి లెక్కపెట్టాను. 67. ఒక చోట గేటు సగమే ఉంది, దాని పక్క స్తంభం మీద రెండు నీడలు పడ్డాయి. గేట్లన్నీ ఒకే పోలికలో ఉండేసరికి ఏది ఏదో ఫోనుకు తెలియలేదు, మూడింటిని మింగేసి అతుకు వేసేసింది. చెట్లో కొండలో అయితే ఆ అతుకు ఎవరి కంటా పడదు. బ్యారేజీని మాత్రం రోజూ చూసే పిల్లలు ఊరుకోరు, ఊరుకోకూడదు కూడా. ఆ బొమ్మ ఆరోజే తీయించేశాను.

సెప్టెంబరులో పానోరమా హెడ్ కొన్నాను. ట్రైపాడ్ మీద బిగించి, కెమెరాని లెక్క ప్రకారం తిప్పడానికి వాడే సాధనం ఇది. పాతిక వేలు పెట్టి ఇంకా వెడల్పు లెన్సు కొనుక్కోమని చాలామంది చెప్పారు. కట్టడాలు తీసేవాళ్లకు నా మాట ఒక్కటే: ముందు హెడ్డు, తర్వాత లెన్సు. వెడల్పు లెన్సుతో ఒక్క ఫోటోలో అంతా పడుతుంది గానీ, గోడకి పెద్దది చేస్తే పిండిపిండిగా కనిపిస్తుంది.

నాది తొమ్మిది వేల చిల్లర పడింది. బ్రాండు పేరు రాయడం లేదు. ఈ ధరలో దొరికేవన్నీ ఇంచుమించు ఒకే అచ్చు. కింద తిరిగే పళ్లెం, దాని మీద ఎల్ ఆకారంలో రెండు పట్టాలు, కెమెరాని నిలువుగా బిగించే ప్లేటు, అంతే. పళ్లెం 15 డిగ్రీలకో 30 డిగ్రీలకో 'టిక్' మని ఆగుతుంది. ఆ టిక్కులోనే ఉంది దీని విలువ సగం.

మిగతా సగం పట్టాల్లో ఉంది. తల నిలిపి, ఒక వేలు ముఖానికి దగ్గరగా పెట్టుకుని, ఒక కన్ను మూసి ఇంకో కన్నుతో, మళ్లీ కళ్లు మార్చి చూడండి. వేలు వెనక గోడ మీదున్న క్యాలెండరు అటూ ఇటూ జరిగినట్టు ఉంటుంది. కెమెరాని మామూలు ట్రైపాడ్ మీద తిప్పినప్పుడు లెన్సుకూ ఇదే జరుగుతుంది, ఎందుకంటే తిరిగేది కెమెరా అడుగున ఉన్న స్క్రూ చుట్టూ, లెన్సు దానికి ముందెక్కడో ఉంటుంది. దీన్నే పారలాక్స్ అంటారు. దగ్గరి స్తంభం ఒక ఫోటోలో దూరపు విగ్రహానికి ఎడమన, పక్క ఫోటోలో కుడిన పడితే ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని అతకలేదు. లెన్సులో ఒక చోటు ఉంటుంది, సరిగ్గా దాని చుట్టూ తిప్పితే ఈ జరుగుడు ఉండదు. ఫోటోగ్రాఫర్లు నోడల్ పాయింట్ అనేస్తారు. నిజానికి అది ఎంట్రన్స్ ప్యూపిల్, అంటే లెన్సు ముందు నుంచి లోపలికి చూస్తే వెలుతురు లోపలికి పోయే డయాఫ్రం రంధ్రం ఎక్కడ ఉన్నట్టు కనిపిస్తుందో ఆ చోటు.

దాన్ని పట్టుకోవడానికి ఒక ఆదివారమంతా పట్టింది. స్టాఫ్ రూం కిటికీ ఊచకి తెల్ల దారం వేలాడదీసి, దాని వెనక గ్రౌండులో జెండా స్తంభం వచ్చేట్టు కెమెరా పెట్టాను. ఎడమకి తిప్పితే దారం స్తంభాన్ని వదిలి పోతుంది. పై పట్టాని రెండు మిల్లీమీటర్లు వెనక్కి లాగడం, మళ్లీ తిప్పి చూడటం. ఎటు తిప్పినా దారం, స్తంభం అంటుకుపోయి కదిలిన చోట ఆపాను. లెన్సు జూమ్ 18 మి.మీ. దగ్గర ఉన్నప్పుడు ఒకటి, 35 మి.మీ. దగ్గర ఉన్నప్పుడు ఒకటి, పట్టా మీద గోళ్ల రంగుతో రెండు గీతలు పెట్టుకున్నాను. ఒకటి ఎరుపు, ఒకటి గులాబి. కంపెనీవాళ్ల అంకెలు చెమటకి డిసెంబరులోనే చెరిగిపోయాయి, గోళ్ల రంగు ఇప్పటికీ చెక్కు చెదరలేదు.

దీనికి అసలు పరీక్ష ఉండవల్లి గుహలు. పై అంతస్తులో అనంతపద్మనాభస్వామి పడుకుని ఉన్న హాలు తెలుసుగా. పదిహేనడుగులకు పైబడిన విగ్రహం, ఎదురుగా స్తంభాలు, అవన్నీ కొండరాతిలోనే తొలిచినవి. అక్కడ వెనక్కి జరిగి తీద్దామంటే చోటుండదు, స్తంభం చేతికందే దూరంలో ఉంటుంది. కేంద్ర పురావస్తు శాఖ కట్టడాల్లో ట్రైపాడ్ పెట్టాలంటే ముందుగా అనుమతి కావాలి. అది తెలిసే మొదటిసారి హెడ్డు లేకుండా వెళ్లాను. తాపీ మేస్త్రీలు గోడ నిటారు చూసుకునే గుండు ఉంటుందే, దాన్ని లెన్సుకి దారంతో కట్టి, నేల మీద రూపాయి బిళ్ల పెట్టి, గుండు బిళ్ల మీదే నిలిచేట్టు చూసుకుంటూ చుట్టూ తిరిగి తీశాను. బయట సింహాలూ, కూర్చున్న ఋషుల విగ్రహాలూ ఉన్న ఎత్తు మీద ఈ గుండు పద్ధతి చక్కగా పనిచేసింది. లోపల మాత్రం చీకటికి షట్టరు ఎక్కువసేపు తెరిచి ఉంచాల్సి వచ్చి చెయ్యి వణికింది, అతికిన ఫోటోలో రెండు స్తంభాలు విరిగినట్టు వచ్చాయి.

తర్వాత రాతపూర్వకంగా అనుమతి తెచ్చుకుని హెడ్డుతో వెళ్లాను. 18 మి.మీ., కెమెరా నిలువుగా, 30 డిగ్రీలకొకటి చొప్పున చుట్టూ 12. గుమ్మం దగ్గర కళ్లు చెదిరే వెలుతురు, విగ్రహం వెనక కాటుక చీకటి, అందుకని ఒక్కో చోట వెలుతురు తక్కువగా, మధ్యస్థంగా, ఎక్కువగా పడేట్టు మూడేసి ఎక్స్‌పోజర్లు, మొత్తం 36 ఫోటోలు. ఫోకస్, వైట్ బ్యాలెన్స్ అన్నీ మాన్యువల్‌లో కట్టిపడేయాలి, లేకపోతే రాయి ఒక ఫోటోలో పసుప్పచ్చగా, పక్క ఫోటోలో నీలంగా వస్తుంది. ఇంటికొచ్చి అతికిస్తే ఒక్క స్తంభం చెదరలేదు. స్తంభం మీద ఉలి దెబ్బలు ఒక ఫోటోలోంచి ఇంకో ఫోటోలోకి గీత తెగకుండా సాగిపోయాయి. ఆ రాత్రి ఆ ఉలి దెబ్బలనే ఎంతసేపు చూశానో.

అతికించడానికి హగిన్ వాడతాను. ఉచితం. హెల్ముట్ డెర్ష్ తయారుచేసిన పానోరమా టూల్స్ మీద కట్టిన సాఫ్ట్‌వేరు ఇది. నేర్చుకోవడానికి ఓపిక కావాలి గానీ, రెండు ఫోటోల్లో ఒకే చోటుని మనమే చుక్కపెట్టి చూపించే వీలుంది. బ్యారేజీకి అదే దిక్కయింది.

ఈ మే నెలలో మళ్లీ అదే ఇసుకలోకి వెళ్లాను. బ్యారేజీ పొడవు 1,223 మీటర్లు. నేను నిలబడింది నాలుగొందల మీటర్ల దూరంలో, ఇంచుమించు నడిమధ్య. 35 మి.మీ.తో 15 డిగ్రీలకొకటి, తొమ్మిది ఫోటోలు సరిపోయాయి. ఒక్క మాట నిజాయితీగా చెప్పాలి: అంత దూరంలో ఉన్నదానికి పారలాక్స్ పెద్దగా పట్టదు. అక్కడ హెడ్డు చేసిన మేలు టిక్కులది. ఏ ఫోటో ఎన్ని డిగ్రీల దగ్గర తీసిందో తెలుసు కాబట్టి ఆ కోణాలు ముందే ఇచ్చేశాను. గేట్లను గేట్లతో కలపమని వదిలేయకుండా, స్తంభాల మీది నీటిచారలు, దీపస్తంభాలు, ఒక చోట పెచ్చు లేచిన సిమెంటు, ఇలాంటి వేరుగా కనిపించే గుర్తులకే చుక్కలు పెట్టాను.

ఇంకో సంగతి, ఇక్కడ చాలామంది తప్పు చేస్తారు. ఇంత వెడల్పు పానోరమాని అలవాటుగా సిలిండ్రికల్‌లో, అంటే గొట్టం లోపలి గోడ మీద పరిచినట్టు, పెడితే బ్యారేజీ మధ్యలో ఉబ్బి, కొసలకు సన్నబడి, తాబేటి వీపులా కనిపిస్తుంది. బ్యారేజీ తిన్నని గోడ కాబట్టి, తిన్నని గీతల్ని తిన్నగానే ఉంచే రెక్టిలీనియర్ పెట్టాను. గేట్లన్నీ సమానంగా వచ్చాయి. కుడి కొసన ఇసుకలో మేస్తున్న గేదె మాత్రం పక్కలకు సాగిపోయింది. దాన్ని కత్తిరించేశాను.

ఫొటో వెడల్పు దాదాపు 27 వేల పిక్సెళ్లు. 14 అడుగులకు ప్రింటు వేయిస్తే ఒక్కో గేటు రెండంగుళాలు వచ్చింది. ప్రింటు అంటించే తేలికపాటి పలక, సన్‌బోర్డు, మామూలుగా ఎనిమిదడుగులకు మించి రాదు కాబట్టి రెండు ముక్కలు తప్పవు. ఆ జాయింటు గేటు మీద కాకుండా స్తంభం మీద పడేట్టు కొలిచి ఇచ్చాను. మొదటి ప్రింటులో బోర్డుకి సరిపడాలని షాపు కుర్రాడు ఫొటోని నిలువుగా సాగదీసేశాడు. చూపిస్తే మారుమాట్లాడకుండా మళ్లీ వేసిచ్చాడు.

ఫెలిస్ బియాటో అనే ఫోటోగ్రాఫరు 1858లో ఢిల్లీ జామా మసీదు మీద నుంచి గాజుపలకల మీద విడివిడిగా తీసి ఊరంతా ఒక వరసలో పేర్చాడు. మన పాత ఆనకట్ట 1855కే పూర్తయింది. అప్పుడు ఎవరైనా ఇక్కడికి ఒక్క కెమెరా పెట్టె తెచ్చి ఉంటే ఎంత బాగుండేది అనిపిస్తుంది. అది 1952లో తెగిపోయింది, దాని చోట 1957లో ఈ బ్యారేజీ వచ్చింది. 2024 సెప్టెంబరు వరదలో పడవలు కొట్టుకొచ్చి దీని గేట్లకు గుద్దుకున్నాయి. అందుకే ఇప్పుడున్నది ఉన్నట్టుగా, లెక్క తప్పకుండా ఒకటి తీసిపెట్టుకోవాలని నా పట్టుదల.

ఇక హెడ్డు లోపాలు. మొదట వచ్చిన పీసుకి నిలువు పట్టా బిగించే నాబ్ మరలు అరిగి ఉన్నాయి. ఆన్‌లైన్ అమ్మకందారు మార్చి ఇవ్వడానికి పంతొమ్మిది రోజులు తీసుకున్నాడు. రెండో పీసులోనూ బరువు లెన్సు పెడితే నిలువు పట్టా మెల్లగా కిందికి జారుతుంది, పది నిమిషాలకి ఒకటి రెండు డిగ్రీలు. హెడ్డుని అడ్డంగా సమంగా నిలిపే లెవెలింగ్ బేస్ దీనితో పాటు రాదు, అది వేరే కొనాలి, ఇసుకలో అది లేకుండా పని జరగదు. పళ్లెంలోకి ఇసుక దూరితే కరకరమంటుంది, పాత టూత్ బ్రష్షుతో దులిపితే చాలు, నూనె మాత్రం వేయకండి, వేస్తే ఇసుక ఇంకా పట్టుకుంటుంది. కెమెరాతో కలిపి మోస్తే కొండపల్లి కోట ఎక్కేసరికి భుజం లాగేస్తుంది. గాంధీ కొండ మీద నుంచి రైల్వే స్టేషన్, ఊరు తీయడానికైతే అంతా దూరమే కాబట్టి హెడ్డు మోయక్కర్లేదు, మామూలు ట్రైపాడ్ సరిపోతుంది. పెళ్లి గ్రూపు ఫోటోలకు కొంటామనేవాళ్లకు వద్దంటాను: జనం కదులుతారు, తలలు రెండవుతాయి.

జారే నాబ్‌కి మందు సైకిల్ షాపులో దొరికింది. ఐదు రూపాయల రబ్బరు వాషరు లోపల వేసి బిగించాను, బ్యారేజీ తొమ్మిది ఫోటోలూ దాని మీదే తీశాను. కొత్త బొమ్మ పెట్టిన రోజు ఆ పిల్ల, ఇప్పుడు ఎనిమిదో తరగతి, స్కేలు పట్టుకుని ఒక కొస నుంచి మొదలుపెట్టింది. జాయింటు దగ్గర ఆగి, అటూ ఇటూ రెండుసార్లు చూసి, మళ్లీ సాగింది. "70, టీచర్" అంది.