ఇటుక బట్టీల మధ్య ఐదు రోజులు: జర్మనీ హ్యాకర్ల క్యాంపు

రైలు పెట్టెలో సగంమంది చేతుల్లో కేబుల్ చుట్టలే. టెంటు, స్లీపింగ్ బ్యాగు సరే, యాభై మీటర్ల కరెంటు వైరు మోసుకుంటూ విహారానికి వెళ్లేవాళ్లని చూడడం నాకు అదే మొదలు. 2023 ఆగస్టు 15, మంగళవారం. ఇంటి దగ్గర జెండా పండగ. నేనూ, నాతో పనిచేసే గుంటూరు మిత్రుడూ బెర్లిన్ ఓస్ట్‌క్రాయిట్స్ స్టేషన్లో ఆర్‌బీ 12 ఎక్కి జెడెనిక్ వైపు బయల్దేరాం. ఆ ఏడాది మే నెలలో మొదలైన 49 యూరోల నెలవారీ టికెట్ ఇద్దరి దగ్గరా ఉండడంతో రైలు ఖర్చు విడిగా పడలేదు.

వెళ్తున్నది కేయాస్ కమ్యూనికేషన్ క్యాంపుకి. 1981లో బెర్లిన్లో పుట్టిన కేయాస్ కంప్యూటర్ క్లబ్ దీన్ని 1999 నుంచి నాలుగేళ్లకోసారి జరుపుతోంది. హ్యాకర్ అనగానే మనవాళ్లకి బ్యాంకు ఖాతా ఖాళీ చేసేవాడు గుర్తొస్తాడు కదా, అందుకని అమ్మకి ఫోన్లో "కంప్యూటర్ వాళ్ల జాతర" అని చెప్పాను. వెళ్లి చూశాక అది అబద్ధం కాదనిపించింది.

చోటు సంగతి ముందు చెప్పాలి. క్యాంపు జరిగేది జెడెనిక్ పక్కనున్న మిల్డెన్‌బెర్గ్‌లో. అక్కడ ఉన్నది పాత ఇటుకల కర్మాగారం, ఇప్పుడు మ్యూజియం. బెర్లిన్ ఇళ్లకి కావలసిన ఇటుకలు ఇక్కడ కాల్చి హాఫెల్ నది మీద పడవల్లో పంపేవారట. గోదావరి జిల్లాల్లో ఊరి బయట బట్టీలు చూస్తూ పెరిగిన నాకు ఆ పొగ గొట్టాలు, గుండ్రటి కొలుములు పరాయిగా అనిపించలేదు. మట్టి తవ్వేసిన గోతులు నిండి చెరువులయ్యాయి. గడ్డిలో చిన్న రైలు పట్టాలు ఉంటాయి, రాత్రిపూట కాలు తగులుతుంది జాగ్రత్త. వీటి మధ్యనే వేల టెంట్లు.

బస విషయంలో నా మాట: టెంటే వేసుకోండి. జెడెనిక్‌లో గది తీసుకుని రోజూ వచ్చిపోయేవాళ్లూ ఉన్నారు గానీ, అసలు సందడి రాత్రి పదింటికి మొదలవుతుంది, వాళ్లు అప్పటికి గదికి తిరిగెళ్లడం గురించి టెన్షన్ పడుతుంటారు. వ్యాన్‌లో వచ్చేవాళ్లకి టికెట్ వేరే. టెంట్లు ఊళ్లుగా కట్టుకుంటారు, "విలేజ్" అనే అంటారు. మేము ఏ ఊరికీ చెందనివాళ్లం కాబట్టి ఖాళీ కనిపించినచోట వేసేశాం. పక్కనే పాటల డేరా ఉందని తెల్లవారుజామున మూడింటికి అర్థమైంది. తప్పు మాదే, మ్యాప్ చూడలేదు. చెవుల్లో పెట్టుకునే దూది తీసుకెళ్లండి, దోమల మందు కూడా.

కేబుల్ సంగతి. కరెంటు పెట్టెలు మైదానమంతా ఉంటాయి, అక్కణ్ణుంచి టెంటు దాకా వైరు మనదే. మేం పట్టుకెళ్లింది ఇంట్లో వాడే తెల్ల ఎక్స్‌టెన్షన్. కరెంటు చూసే వాలంటీరు దాన్ని ఒక్కసారి చూసి తల అడ్డంగా ఊపాడు. బయట వానకీ తొక్కుడుకీ తట్టుకునే నల్ల రబ్బరు కేబులే కావాలి. పక్క ఊరివాళ్లు మా మొహాలు చూసి ఒకటి అరువిచ్చారు.

ఇంటర్నెట్ మాత్రం నా బెర్లిన్ ఇంట్లో కంటే బాగుంది, ఇది వెక్కిరింపు కాదు. వానకి తడవకుండా నెట్‌వర్క్ స్విచ్‌లని ప్లాస్టిక్ మరుగుదొడ్డి డబ్బాల్లో పెడతారు. ముద్దుగా "డాటెన్‌క్లో" అంటారు, డేటా దొడ్డి అన్నమాట. టెంట్ల మధ్య అక్కడక్కడా నిలబడి ఉంటాయి, అర్జెంటుగా వెళ్లి తలుపు లాగితే లోపల లైట్లు మిణుకుమంటూ కనిపిస్తాయి. దాన్నుంచి మన నెట్‌వర్క్ వైరు లాక్కోవచ్చు. ఫోన్లు ఇంకా ముచ్చట. ఇళ్లలో మూలపడ్డ పాత కార్డ్‌లెస్ ఫోన్ తెచ్చి నమోదు చేసుకుంటే మనకి నచ్చిన నాలుగంకెల నంబరు ఇస్తారు. మైదానంలో ఏ మూల నుంచైనా మోగుతుంది. మా మిత్రుడు పది యూరోల పాత ఫోన్‌తో ఐదు రోజులూ నన్ను నిద్రపోనివ్వలేదు.

తిండికి మనవాళ్లు భయపడక్కర్లేదు. మాంసం, పాలు లేని వంటలు పెట్టేవాళ్లు చాలామంది, కారం మాత్రం మర్చిపోండి. మేం చిన్న స్టవ్ మీద పులిహోర కలిపాం. కేబుల్ ఇచ్చినవాళ్లకి అద్దెగా ఆవకాయ పెడితే ఒకాయన దాన్ని బ్రెడ్డు మీద జాములా పూసుకున్నాడు. ఆపేలోపే కొరికేశాడు. అక్కడ నీళ్లకంటే ఎక్కువ తాగేది "క్లబ్ మాటే" అనే డ్రింకు, కెఫీన్ ఉన్న చల్లటి తేనీరు లాంటిది. మొదటి సీసా కషాయం, మూడోది అలవాటు. ఖాళీ సీసా తిరిగిస్తే డిపాజిట్ వెనక్కొస్తుంది.

స్నానం దగ్గర కొంచెం మనసు గట్టి చేసుకోవాలి. షవర్లు ఉమ్మడివి. చెరువులో బట్టల్లేకుండా ఈదేవాళ్లు ఉంటారు, తూర్పు జర్మనీ వైపు అది మామూలే, ఎవరూ ఎవర్నీ చూడరు. మేం మాత్రం తెల్లారి ఐదింటికే షవర్ల దగ్గరికెళ్లి పని కానిచ్చాం. ఫొటోల సంగతీ ఇక్కడే చెప్తాను: ఫ్రేములో పడే మనిషిని అడక్కుండా తీయకూడదు. అందుకే నా దగ్గర ఉన్నవన్నీ పొగ గొట్టాల ఫొటోలే.

ఇక సేవలకి మార్కులు వేద్దామంటే చిక్కు ఇక్కడే. బార్‌లో సీసా అందించేవాడూ, గేటు దగ్గర చేతికి పట్టీ కట్టేవాడూ, కేబుల్ చూసి తల ఊపినాయనా, అందరూ మనలాగే టికెట్ కొనుక్కుని వచ్చినవాళ్లు. వాళ్లని ఏంజెల్స్ అంటారు, షిఫ్టులు పంచే డేరా పేరు హెవెన్. నేనూ పేరిచ్చి సమాచార కేంద్రంలో రెండు షిఫ్టులు కూర్చున్నాను. మూడు గంటల్లో నన్ను ఎక్కువగా అడిగిన ప్రశ్న "టాయిలెట్ ఎక్కడ?" రెండోది "నిజం టాయిలెట్టేనా?" ఈ పని చేశాక బార్ దగ్గర లైను ఎంత పొడుగున్నా విసుక్కోవడానికి నోరు రాలేదు. చూడ్డానికే వచ్చి కూర్చుంటే రెండో రోజుకే బోరు కొడుతుంది, వచ్చినవాళ్లు తప్పకుండా ఒక్క షిఫ్టన్నా చేయాలి.

క్యాంపు ఎలక్ట్రానిక్ బ్యాడ్జి గురించి ఒక్క మాట. ఆ ఏడాదిది పువ్వు ఆకారంలో ఉంది, పది రేకులు, వేలు పెడితే పాడుతుంది, పైథాన్‌లో ప్రోగ్రామ్ రాయొచ్చు. మోహన రాగం స్వరాలు రేకులకి కట్టాలని మూడు రాత్రులు కుస్తీ పట్టాను. ఆరోహణ వచ్చింది, అవరోహణకి బ్యాటరీ అయిపోయింది.

ఈ క్యాంపు రుచి మరిగి 2024 మే 30 నుంచి జూన్ 2 దాకా ఇంగ్లండులో జరిగిన ఎలక్ట్రోమాగ్నెటిక్ ఫీల్డ్ అనే ఇలాంటి క్యాంపుకి కూడా వెళ్లాను. ఈస్ట్‌నర్ కోట ముందున్న జింకల పార్కులో పెడతారు, లండన్ పాడింగ్టన్ నుంచి లెడ్‌బరీకి రైలుంది. పిల్లలతో వెళ్లేవాళ్లకి నేను చెప్పేది ఇదే. పగలు వర్క్‌షాపులు, రాత్రి షిప్పింగ్ కంటైనర్లతో కట్టిన నల్ సెక్టర్‌లో లేజర్ లైట్లు, వాలంటీర్లు నడిపే రోబోట్ ఆర్మ్స్ అనే పబ్బు. చర్చల వేడి, రాజకీయం, తెల్లార్లూ సాగే గోల కావాలంటే మిల్డెన్‌బెర్గే. జర్మనీలో రెసిడెన్స్ పర్మిట్ ఉన్నా భారత పాస్‌పోర్టుకి బ్రిటన్ వీసా విడిగా తీసుకోవాలి, కాబట్టి టికెట్‌తో పాటే దాని పని కూడా మొదలుపెట్టండి.

ఈసారి మాత్రం నల్ల రబ్బరు కేబుల్ కొని, బరువు చూసుకుని, విమానంలో మోసుకుంటూ వెళ్లాను. టెంటు వేసి, వైరు లాగి, కరెంటు పెట్టె ముందు నిలబడ్డాక గుర్తొచ్చింది, బ్రిటన్ ప్లగ్గుకి మూడు పలకల కాళ్లని. అడాప్టర్ కోసం పక్క ఊరికి బయల్దేరాను, ఆవకాయ సీసా పట్టుకుని.